రంగు పోతది తాతా

నా చిన్నప్పుడు నీళ్లలో పెట్టకూడని గుడ్డ అంటూ ఒకటి ఉంటుందని నాకు తెలియదు. మేం బట్టలుతికే వాళ్లం. ఏ గుడ్డ కనబడినా అది రేవుకు పోయేదే, నీళ్లలో మునిగేదే, బండ మీద పడేదే అనుకునేదాన్ని. మా నాయనమ్మ వెంట చిన్న మూట నెత్తిన పెట్టుకుని వాగుకు పోయేదాన్ని. ఆ వాగు, ఆ రేవు శంషాబాద్ పక్కనే ఉండేవి. ఇప్పుడు ఆ దిక్కున విమానాలు దిగుతున్నాయి. నాయనమ్మ బట్టలు బాదిన బండ ఏ మట్టి కింద ఉందో నేను చూపించలేను.

ఆ రేవులో ఒకనాడు చూసిన సంగతి చెప్పాలి. చెప్పకుండా ఉండలేకపోతున్నాను, ఎందుకంటే మొన్న మా మనవరాలి ఫోన్‌లో ఒక బొమ్మ చూశాను.

మనవరాలంటే నా బిడ్డ బిడ్డ. ఎయిర్‌పోర్టులో పని చేస్తుంది. మా ఆయన పోయాక నేను ఒక అపార్ట్‌మెంటు గేటు ముందు ఇస్త్రీ బండి పెట్టుకున్నాను. నెత్తి మీద నుంచి పోయే విమానాలను రోజూ చూడటమే గానీ ఎక్కింది లేదు. ఈసారి నన్ను ఎక్కిస్తానని, ఢిల్లీలో దేశమంతటి బొమ్మలూ శిల్పాలూ పెట్టిన పెద్ద మ్యూజియం చూపిస్తానని పట్టుబట్టింది. సాయంత్రం బండి పక్కన స్టూలు వేసుకుని ఏర్పాట్లన్నీ చెప్తోంది. సోమవారం మూసేస్తారట. సంచులు బయటే పెట్టాలట. మోకాళ్లు నొప్పిగా ఉంటే చక్రాల కుర్చీ ఇస్తారట. నేను చొక్కాలు ఇస్త్రీ చేస్తూ ఊ కొడుతున్నాను.

"నీకోసం ఒకటి దాసిపెట్టిన అమ్మమ్మా," అని ఫోన్ నా మొహం ముందుకు తెచ్చింది. "జూడు. మన దిక్కు పటం గూడ పెట్టిన్రు ఆడ."

ఎర్రటి నేల మీద వరసలు వరసలుగా బొమ్మలు. అడుగున ఒక మూలకు పసుపు లంగా కట్టిన చిన్న పిల్ల, రెండు చేతులా గుడ్డ కొసను పట్టుకుని నిలబడి ఉంది. ఇస్త్రీ పెట్టె ఎత్తడం మరిచిపోయాను. ఎవరిదో చొక్కా మాడిన వాసన వచ్చాక గానీ తెలివిలోకి రాలేదు.

"అది ఆడికెట్ల పోయింది?" అన్నాను. "అది సచ్చిపోయింది బిడ్డా. దాన్ని సాగనంపిననాడు నేను రేవులనే ఉన్న."

"పటం సచ్చుడేంది? ఎండదెబ్బ గిట్ల తాకిందా నీకు?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మా చిన్నతనంలో ఏటా కోతలయ్యాక మా కులం కథ చెప్పే ముసలాయన ఒకాయన మా వాడకు వచ్చేవాడు. పటం తాత అనేవాళ్లం. గంజి, చింతగింజల పిండి పట్టించిన పొడవాటి గుడ్డ మీద మా వాళ్ల కథంతా బొమ్మలుగా రాసి ఉండేది. రెండు గుంజలకు దాన్ని వేలాడదీసి, కొంచెం కొంచెం విప్పుతూ, పుల్లతో బొమ్మ బొమ్మా చూపిస్తూ కథ చెప్పేవాడు. చివరి బొమ్మే పసుపు లంగా పిల్ల. వరదొచ్చి రేవంతా కొట్టుకుపోతుంటే పెద్దలందరూ గట్టెక్కారట. ఆ పిల్ల ఒక్కతే ఊరి బట్టల కొస వదల్లేదట.

కథ అయ్యాక అందరూ పటాన్ని ముట్టుకుని ఆ చేతిని కళ్లకద్దుకునేవాళ్లు. పొట్టి పిల్లలకు అందేది అడుగునున్న ఆ పిల్లే. మా నాయన చిన్నప్పుడు ఆయనకు అందిందీ ఆమే. తరాల పిల్లలు ముట్టుకుని ముట్టుకుని ఆమె మొహం అరిగిపోయింది. నేను పుట్టేసరికే అక్కడ తెల్లటి మరక తప్ప ఏమీ లేదు.

ఒక ఏడు తాత కోతల కాలంలో కాకుండా మండే ఎండల్లో వచ్చాడు. ఎప్పటిలా డప్పు లేదు, వెంట మనుషులు లేరు. చంకలో పటం చుట్ట ఒక్కటే. మా నాయనమ్మతో ఏదో మాట్లాడి ఇద్దరూ రేవుకు నడిచారు. వెనకాలే నేను. పటం మాసిపోయింది, ఉతకడానికి తెచ్చాడు అనుకున్నాను. మా ఇంటి పిల్లకు ఇంకేం తోస్తుంది? తాత మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి పటాన్ని చంకలో నుంచి తీశాడు. ఏ రంగు నీళ్లకు నిలుస్తుందో, ఏది నిలవదో మాకు తల్లిపాలతోనే తెలుస్తుంది. గంజి గుడ్డ మీది ఎరుపు ఒక్క ముంచుకు పోతుంది.

"రంగు పోతది తాతా," అని అరిచాను. "నాయనమ్మా, జర చెప్పు ఆయనకు. గిది ఉతికే గుడ్డ గాదు."

నాయనమ్మ చేతిలో పసుపు, కొత్త తెల్ల గుడ్డ ఉన్నాయి. మనిషి పోయినప్పుడు తెచ్చే గుడ్డ అది.

"ఉతుకుత లేను బిడ్డా," అన్నాడు తాత. "దీని ఆయుష్షు అయిపోయింది. సాగనంపుతున్న."

పటం చిరిగిపోయిందని, కొత్తది రాసే చెయ్యి ఇక లేదని, కథ చెప్పని పటాన్ని ఇంట్లో ఉంచుకోవడం పీనుగను ఉంచుకోవడమేనని నాయనమ్మ చెప్పింది. నా తలకెక్కలేదు. ఏడుస్తూ నీళ్లలోకి ఉరికి పటం కొసను రెండు చేతులా పట్టుకున్నాను. నాయనమ్మ కొట్టడానికి చెయ్యెత్తింది.

"ఆగవమ్మా," అని తాత నవ్వాడు. "పటంల పిల్ల బయటికొచ్చింది, కొడ్తవా?"

ఆయన మళ్లీ గట్టెక్కాడు. పటాన్ని నాయనమ్మ ఉతికే బండ మీద పరిచి, తన పుల్ల నా చేతిలో పెట్టాడు. "చెప్పు. నీకెంత యాదికుంటె గంత చెప్పు," అన్నాడు. ఆడపిల్ల చేతికి ఆ పుల్ల ఇవ్వడం అంతకుముందు ఎవరూ ఎరగరు. వెక్కుతూనే మొదలుపెట్టాను. మరిచిపోయిన చోట ఆయన అందించలేదు. నీళ్ల వైపు చూస్తూ ఊరికే కూర్చున్నాడు. కాసేపటికి నాకే గుర్తొచ్చేది. చివరికి పసుపు లంగా పిల్ల దగ్గరికి వచ్చాను. ఏడుస్తూ ఏడుస్తూ కొస పట్టుకుంది, వదల్లేదు అని చెప్పాను.

"ఇగ గుడ్డ కొస ఇడువు బిడ్డా," అన్నాడు తాత. "కథ కొస పట్టుకో."

వదిలాను, చూడలేక మొహం తిప్పుకున్నాను. నేను మళ్లీ చూసేసరికి తెల్ల గుడ్డ చుట్టిన మూట సిద్ధంగా ఉంది; దానికి పసుపు చల్లి, రాయి కట్టి మడుగులోకి తోశారు. ఎర్ర రంగు పైకి తేలుతుందని చాలాసేపు చూశాను. తేలలేదు. తాత మళ్లీ మా వాడకు రాలేదు.

అందుకే ఆ ఫోన్ చూసి నాకు అంత దడ పుట్టింది. ఆ మూటలో ఉన్నది పటం కాదా? నేను చూడనప్పుడు పటాన్ని ఎక్కడో దాచి ఒట్టి గుడ్డను ముంచాడా? రంగు తేలకపోవడం అందుకేనా? పెళ్లికి ముందూ తర్వాతా, మా ఆయన పోయిన రోజున కూడా, కథ కొస పట్టుకోమన్న తాత మాటతోనే నేను నిలబడ్డాను. అది నాటకమైతే నా చేతిలో ఏముంది?

"ఆ పిల్ల మొఖం పెద్దగ జేసి సూపియ్యి," అన్నాను.

మనవరాలు రెండు వేళ్లతో లాగింది. ఆ పిల్లకు కళ్లున్నాయి. బొట్టుంది. ముక్కుపుల్ల ఉంది. ఎక్కడా అరగలేదు. అది మా పటం కాదు. మా పటం రాసినవాళ్లే రాసిన ఇంకో పటం, దాని తోబుట్టువు. తాత నన్ను మోసం చేయలేదు; రంగును ఆ తెల్ల గుడ్డే పట్టి ఉంచిందేమో.

ఇస్త్రీ పెట్టె అందుకోబోయి ఆగిపోయాను. ఆ పిల్ల ఏడవడం లేదు. అంత వరదలో కొస పట్టుకుని పళ్లు కనబడేలా నవ్వుతోంది. ఏడ్చిందని తాత ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు నేను ఏడ్చాను కాబట్టి ఆమెనూ ఏడిపించాను. నా బిడ్డలకూ అట్లాగే చెప్పాను. మొహమే చూడని పిల్ల గురించి ఇంతకాలం చెప్పుకుంటూ వచ్చాను.

ఈ నవ్వు ఇంత శుభ్రంగా ఉందంటే దాన్ని ఏ పిల్ల చెయ్యీ అందుకోలేదన్నమాట. దాని ముందు కథ చెప్పారో లేదో కూడా తెలియదు.

"ఆడ మాట్లాడనిస్తరా?" అని అడిగాను.

"మెల్లగ మాట్లాడాలె. ముట్టుకోవద్దు అమ్మమ్మా, అద్దముంటది."

"ముట్టుకోను తియ్యి. నిలవడి కథ జెప్తే పట్టుకపోతరా?"

మనవరాలు ఫోన్‌లో చూడాల్సినవాటి వరస మార్చింది. "ముందుగాల గా గదికే పోదాం. మిగిలినయి తర్వాత సూస్తం," అంది.

ఇప్పుడు రోజూ ఇస్త్రీ చేస్తూ మొదటి నుంచి చెప్పుకుంటున్నాను. మరిచిపోయిన చోట పెట్టె పక్కన పెట్టి ఊరికే కూర్చుంటాను. కాసేపటికి గుర్తొస్తుంది. చివరి బొమ్మ దగ్గర మాత్రం నోరు ఇంకా 'ఏడ్చింది' అనే అంటోంది. ఢిల్లీ పోయేలోపు ఆ పిల్లను నవ్వించడం నేర్చుకోవాలి. కథ కొసను ఆ రోజు నుంచి వదిలింది లేదు.