కామెంటరీ మేస్త్రీ చూడటం మానేసిన ఆట

సోఫాల మేస్త్రీకి మాటలొచ్చని వీధిలో వాళ్ళకి చాలా ఆలస్యంగా తెలిసింది. అంతకుముందు ఆయన షాపు ముందు నుంచి ఎవరు వెళ్ళినా వినిపించేది సుత్తి చప్పుడే. పెళ్ళయిన కొత్తలో అత్తగారు కూతుర్ని పక్కకి పిలిచి, "అబ్బాయి బంగారమే గానీ నోరు తెరవడేమే? మనవాళ్ళు సరిగ్గా విచారించారా?" అని దిగులు పడిందట. ఆవిడ దిగులులో తప్పు లేదు. ధర చెప్పాలన్నా మేస్త్రీ వేళ్ళు చూపించేవాడు. పైగా ఎప్పుడు చూసినా నోటినిండా మేకులు. సోఫా గుడ్డని చెక్కకి బిగించేవాళ్ళలో అదొక పద్ధతి. ఒక చెయ్యి గుడ్డని లాగి పట్టుకుంటుంది, రెండో చెయ్యి సుత్తి పట్టుకుంటుంది, మేకుల కోసం దేవుడు మూడో చెయ్యి ఇవ్వలేదు. అందుకని బుల్లి మేకులు గుప్పెడు నోట్లో పోసుకుని, నాలుకతో ఒక్కొక్కటే పెదాల మీదికి తెచ్చి, అయస్కాంతం ఉన్న సుత్తి మూతికి అంటించి, టక్కున దిగ్గొట్టడం.

అలాంటి మనిషికి మాటలు తెప్పించింది ఆయన బావమరిది తెచ్చిన పాత టీవీ. బాగుచేసిన సోఫాలని వ్యాన్‌లో ఇళ్ళకి చేర్చడం బావమరిది పని. ఆదివారం పొద్దున కిరాయిలు ఉండవు, ఇంట్లో ఉంటే పెళ్ళాం పని చెబుతుంది. అందుకని టీవీని మోసుకొచ్చి బావ షాపు గోడకి తగిలించాడు. అందులో అతను పెట్టింది, ఇనుప వల పంజరంలో ఇద్దరు మనుషులు బాక్సింగూ కుస్తీ కరాటే అన్నీ కలిపి కొట్టుకునే ఆట. మేస్త్రీ మొదట మొహం తిప్పుకున్నాడు. అంతలో, నెత్తి మీద వెంట్రుక లేని ఒక బక్క మనిషి, తనకంటే జానెడు పొడుగున్నవాడి చేత చచ్చేన్ని తన్నులు తిని కిందపడ్డాడు. పడ్డచోటే వాడి మోచెయ్యి దొరకబుచ్చుకున్నాడు. అంతే, ఇక వదల్లేదు. వాడు ఎత్తి నేలకేసి కొట్టినా వదల్లేదు. చివరికి ఆ పొడుగువాడే అరచేత్తో నేల మీద టపటపా కొట్టి ఓడిపోయానని ఒప్పుకున్నాడు.

"ఉడుంపట్టు!" అని అరిచాడు మేస్త్రీ.

షాపులో ఉన్నవాళ్ళు టీవీని వదిలి ఆయన్ని చూశారు. ఆ రోజు నుంచి ఆ బక్క ఆటగాడి పేరు ఉడుము అయింది, మేస్త్రీ పేరు కామెంటరీ అయింది. ఆ పట్టు ఎలా పడిందో, కాలు ఎటు మెలిపెట్టాడో, నడుము ఎందుకు తిప్పాడో ఆయన విప్పి చెబుతుంటే వినేవాళ్ళకి నోట మాట లేదు. ఎదురుగా మందుల షాపు పెట్టుకున్నాయన అయితే ఆదివారం షట్టరు సగం దించి మరీ వచ్చేవాడు. కూర్చోవడానికి కొదవేముంది? ఊళ్ళోవాళ్ళ సోఫాలన్నీ అక్కడే ఉన్నాయి. గుడ్డ విప్పనివాటి మీదే కూర్చోవాలన్నది ఒక్కటే షరతు. మేస్త్రీ మాత్రం కూర్చునేవాడు కాదు. ఒక పక్క పని చేసుకుంటూ, మేకులన్నీ ఒక బుగ్గలోకి తోసి, రెండో బుగ్గతో కామెంటరీ చెప్పేవాడు.

"ఏదో ఒక రోజు మింగుతారు చూడండి" అనేది భార్య.

"చేతికి సుత్తి వచ్చిన దగ్గర్నుంచీ ఇదే నోరు. మింగానా?" అనేవాడాయన.

కొన్నేళ్ళు ఆయన రాజభోగం అనుభవించాడు. వారమంతా మూగనోము, ఆదివారం వరదలా మాటలు. వీధిలో నలుగురు పిలిచి పలకరిస్తున్నారంటే ఆ ఆట చలవే. ఆ సంగతి ఆయనకి బాగా తెలుసు. కాబట్టి ఆట మీద చిన్న చిన్న అనుమానాలు మొదలైనప్పుడు వాటిని మేకుల్లాగే బుగ్గన పెట్టుకున్నాడు.

అనుమానాలు ఒకేసారి రాలేదు. పోటీకి ముందు ఆటగాళ్ళిద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టి తిట్టించే తంతు ఒకటి మొదలైంది. తిట్టు ఎంత ముదిరితే ఆట అంత బాగా అమ్ముడవుతుందట. ఒకసారి ఒకడు రెండోవాడి చచ్చిపోయిన తండ్రిని తిట్టాడు. షాపులో అందరూ ఈలలేశారు. మేస్త్రీ కూడా వేద్దామని పెదాలు ముడిచాడు గానీ గాలి రాలేదు. ఇంకోసారి, పడిపోయి కళ్ళు తేలేసినవాణ్ణి రెఫరీ ఆపేలోగా మరో రెండు దెబ్బలు కొట్టారు. టీవీలో వ్యాఖ్యాతలు పకపకా నవ్వారు. "ఇంత నవ్వొచ్చేదేముందిరా ఇందులో?" అని బావమరిదిని అడిగాడు. "ఆటన్నాక అంతే బావా. నువ్వు కొత్తగా చూస్తున్నట్టు మాట్లాడతావేంటి?" అన్నాడతను.

ఉడుము సంగతి చెప్పకపోవడమే నయం. అతను కన్నీళ్ళు పెట్టుకుని, చేతి తొడుగులు పంజరం మధ్యలో వదిలేసి, ఇక సెలవన్నాడు. మేస్త్రీ కూడా కళ్ళు తుడుచుకున్నాడు. చొక్కా చెయ్యి తడి ఆరిందో లేదో, ఉడుము మళ్ళీ వస్తున్నాడని వార్త. వచ్చేముందు ఒక ఇంటర్వ్యూ ఇచ్చాడు. మాట ముద్దముద్దగా వస్తోంది, ఒక్కో అక్షరం వెతుక్కుంటున్నాడు. అచ్చం మేకులు నోట్లో పెట్టుకుని మేస్త్రీ మాట్లాడినట్టే ఉంది. మేస్త్రీ అయితే మేకులు ఉమ్మేసి మామూలుగా మాట్లాడగలడు. అతని నోట్లో ఏమీ లేదు.

అయినా ఆ ఆదివారం టీవీ పెట్టారు. మందుల షాపాయన, బావమరిది, బావమరిది తోడల్లుడు ఒకే సోఫాలో ఇరుక్కుని కూర్చున్నారు. మేస్త్రీ ఒక పెద్ద ఎర్ర సోఫా వీపు బిగిస్తూ, నోటినిండా మేకులతో నిలబడ్డాడు. ఉడుముకి ఎదురుగా దిగినవాడు కుర్రాడు, కాళ్ళల్లో స్ప్రింగులున్నట్టు గెంతుతున్నాడు. ఉడుము అతని చెయ్యి అందుకోబోయాడు. అందలేదు. మళ్ళీ అందుకోబోయాడు. కుర్రాడి కాలు గాల్లో లేచి ఉడుము చెవి పక్కన తగిలింది. ఉడుము నిలువునా, చేతులైనా అడ్డం పెట్టుకోకుండా కూలిపోయాడు.

"లే!" అని అరిచాడు మేస్త్రీ. అరిచి, ఊపిరి లోపలికి పీల్చాడు. ఊపిరితో పాటు ఒక మేకు కూడా వెళ్ళింది.

పొలమారింది. మిగతా మేకులు జలజలా నేల మీద రాలాయి. దగ్గు తెరలు తెరలుగా వస్తోంది గానీ గాలి రావడం లేదు. మేస్త్రీ సోఫా వీపు మీద వాలిపోయి అరచేత్తో చెక్కని దబదబా బాదాడు. మందుల షాపాయన వెనక్కి తిరక్కుండానే, "ఊరుకో మేస్త్రీ, ఏడవకు. అదిగో, మళ్ళీ వేస్తున్నారు చూడు, నెమ్మదిగా" అన్నాడు.

మేస్త్రీ చూశాడు. గొంతు పట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే, తలెత్తి ఆ రీప్లే చూశాడు. ఒక పక్క నుంచి, రెండో పక్క నుంచి, పై నుంచి.

టీ తీసుకొచ్చిన భార్య ట్రే కింద పడేసి, పరిగెత్తుకొచ్చి వీపు మీద నాలుగు గుద్దులు గుద్దింది. ఊపిరి తిరిగింది. మేకు మాత్రం బయటికి రాకుండా లోపలికే దారి చూసుకుంది. అప్పుడు తిరిగారు మిగతావాళ్ళు. తిరిగాక మాత్రం హడావిడికి లోటు చెయ్యలేదు. బావమరిది వ్యాన్‌ని అంబులెన్సులా హారన్ మోగించుకుంటూ ఆసుపత్రికి తోలాడు. ఎక్స్‌రేలో మేకు కడుపులో తాపీగా పడుకుని కనిపించింది. "అరటిపళ్ళు బాగా తినండి, దాని దారిన అదే వచ్చేస్తుంది. పెద్దాయనా, ఇకనైనా మేకులు డబ్బాలో పెట్టుకోండి" అన్నాడు డాక్టరు, నవ్వు ఆపుకుంటూ.

ఆసుపత్రి బల్ల మీద కూర్చుని మేస్త్రీ భార్యతో అన్నాడు: "నాకు ఊపిరాడట్లేదు. అయినా రీప్లే చూశానే."

"చూశాను" అంది ఆవిడ. "నేను తలుపు దగ్గరికి వచ్చేసరికి నాలుగు వీపులు కనిపించాయి. మీ మొహమూ అటే తిరిగి ఉంది. మీరే మీ కేసి చూసుకోకపోతే వాళ్ళనేం అంటాను?"

కోపంగా అన్నా ఓర్చుకునేవాడు. ఆవిడ మామూలుగా అంది. మేస్త్రీకి తల కొట్టేసినట్టయింది.

తర్వాతి ఆదివారం నాటికి మేకు వెళ్ళిపోయింది. గుంపు వచ్చింది. "వచ్చిందా? కడిగి మళ్ళీ సోఫాకి కొట్టావా?" అని మందుల షాపాయన, "బావా, ఇప్పుడు నీ లోపల కూడా మంచి ఫిట్టింగే" అని బావమరిది, కడుపుబ్బా నవ్వించారు. మేస్త్రీ కూడా నవ్వాడు. టీవీ పెట్టారు. మొదటి పోటీలోనే ఒకడు పడిపోయాడు. గెలిచినవాడు పంజరం ఎక్కి పిడికిళ్ళు ఊపాడు, ఆ వెంటనే ప్రకటనలు.

"పడినవాడు లేచాడా?" అన్నాడు మేస్త్రీ.

"లేచే ఉంటాడు."

"చూశావా?"

"చూపించలేదు కదా బావా. రెండో పోటీ మొదలైంది, కామెంటరీ చెప్పు."

మేస్త్రీ చెప్పబోయాడు. పట్టు గురించి, నడుము తిప్పడం గురించి. నోట్లో మేకులు లేవు, మాటలూ రాలేదు. ఆయన కళ్ళు ఆడేవాళ్ళ మీద లేవు, ఇందాకటి మనిషిని బయటికి తీసుకెళ్తున్నారేమోనని పంజరం తలుపు దగ్గర వెతుకుతున్నాయి. అక్కడికి కెమెరా వెళ్ళలేదు. ఇంకో పోటీ అయింది, ఇంకొకడు పడ్డాడు, అప్పుడూ వెళ్ళలేదు. ఇన్నేళ్ళుగా తను చూస్తున్నది ఇదేనా అనిపించింది. లేచి టీవీ ఆపేశాడు.

"నాకొద్దురా. ఇష్టముంటే ఇక్కడ కూర్చుని ఇంకేదైనా మాట్లాడుకుందాం."

ఎవరూ దెబ్బలాడలేదు. దెబ్బలాడినా బాగుండేది. మాట్లాడుకోవడానికి ఇంకేమీ దొరకలేదు. ఆ పై వారం బావమరిది టీవీ విప్పుకుని, ఎదురు వరసలో మేడ మీదున్న తన వాటాలో పెట్టుకున్నాడు. గుంపు అక్కడికి చేరింది.

మేస్త్రీ మళ్ళీ మూగవాడయ్యాడు. ఇప్పుడు మేకులు డబ్బాలో ఉంటున్నాయి, నోరు ఖాళీగానే ఉంటోంది, మాట్లాడటానికి మనిషే లేడు. ఆదివారాలు మేడ మీంచి కేకలు వినిపించేవి. కేక వినగానే కాళ్ళు అటు లాగేవి, అబద్ధమెందుకు. వెళ్ళి ఓ మూల కూర్చుంటే ఎవరేమన్నా అంటారా? కామెంటరీ వచ్చాడురోయ్ అని ఎత్తుకుంటారు. ఒంటరితనం ఆ షాపులో పాత స్పాంజి వాసనలా పేరుకుపోయింది. భార్య రెండుసార్లు, "పోనీ వెళ్ళి రండి, నేనేమీ అనుకోను" అని కూడా అంది. సుత్తి కింద పెట్టేవాడు, మళ్ళీ తీసుకునేవాడు.

ఉడుము మరోసారి వచ్చాడు. ఈసారి నిజంగానే ఆఖరు అన్నాడట. ఆ పొద్దున మేస్త్రీ ఒక కుర్చీకి గుడ్డ కొలుస్తూ అదే కొలత మళ్ళీ మళ్ళీ కొలిచాడు. మేడ మీద పైకప్పు ఎగిరిపోయేంత అరుపు లేచింది. కాసేపటికి మెట్లు దడదడా దిగుతున్న చప్పుడు. మందుల షాపాయన రోడ్డు దాటి పరిగెత్తుకొచ్చాడు.

"మేస్త్రీ! గెలిచాడు! మనోడు గెలిచాడు! నువ్వు చెప్పే అదే పట్టు!"

మేస్త్రీ మొహం వెలిగింది. దాచుకోలేదు. తర్వాత అడిగాడు: "తన కాళ్ళ మీద తను దిగాడా?"

"ఏంటీ?"

"పంజరం మెట్లు. నడిచే దిగాడా?"

"అదెవడు చూశాడు? గెలుపు బెల్టు కట్టగానే ప్రకటనలొచ్చాయి." మందుల షాపాయన నవ్వబోయి ఆగాడు. చేతిలో ఫోను కేసి చూసుకున్నాడు. "ఉండు. కనుక్కుని వస్తా."

మళ్ళీ రాడనుకున్నాడు మేస్త్రీ. చాలాసేపు పట్టింది. ఈసారి ఆయన రోడ్డు దాటి నెమ్మదిగా నడిచి వచ్చాడు.

"టీవీలో చూపించలేదు. అక్కడికి వెళ్ళినవాళ్ళెవరో ఫోన్లో తీసి పెట్టారు. ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని దింపారు మేస్త్రీ. కింద ఆగిపోయి, ఎటు వెళ్ళాలని అడుగుతున్నాడు. చేతిలో బెల్టు అలాగే ఉంది."

మేస్త్రీ కొలత టేపు చుట్టి పక్కన పెట్టాడు. మందుల షాపాయన వెళ్ళలేదు. పైన ఇంకో పోటీ మొదలైనట్టుంది, బావమరిది కిటికీలోంచి రమ్మని కేకేశాడు. ఆయన చెయ్యి ఊపి వద్దన్నాడు.

"ఆ రోజు నీకు ఊపిరి ఆగిపోతుంటే నేను ఏడుస్తున్నావనుకున్నాను. మందుల షాపు పెట్టుకున్నవాణ్ణి. ఒక్కసారి తల తిప్పితే తెలిసేది. తిప్పలేదు."

"నువ్వొక్కడివేనా?" అన్నాడు మేస్త్రీ. "నేనూ అటే చూశాను కదయ్యా." పక్కనున్న సోఫాలో కూర్చుని, ఒక పక్కకి జరిగి ఆయనకి చోటు ఇచ్చాడు.