నాలుగు కమ్రాల్లో ఒక బావి

ఎనభైల చివర్లో నేను పొద్దున్నే వికారాబాద్‌లో బండెక్కి తాండూరులో దిగి, అక్కడి నుంచి బస్సులో కరణ్‌కోట దగ్గరి సున్నపురాతి గని ఆఫీసుకు పోయేదాన్ని. గుట్టల మీది మంచులో కిటికీ బయటి చెట్లు ఎవరో సగం గీసి వదిలేసినట్టుండేవి. ఆఫీసు చేరేసరికి జుట్టంతా తెల్లటి దుమ్ము. తలస్నానం చేయగానే నలభై ఏళ్ళు తగ్గే వరం నాకొక్కదానికే దక్కిందని అమ్మతో అనేదాన్ని.

నా పని నక్షాలు, అంటే గని పటాలు, గీసే కంప్యూటర్ మీద. దానికి రెండు తెరలు. ఒకదాని మీద హుకుములు టైపు చేస్తే రెండోదాని మీద నక్షా పడేది. ఆ రెండోది గ్రాఫిక్స్ మానిటర్. తలుపులు మూసిన గదిలో, నల్లటి అద్దం మీద పచ్చటి గీత పాకుతుంటే నిద్రలో ఎవరో ముగ్గు పెడుతున్నట్టుండేది. వేగం కూడా అంతే. ఒక్క నక్షా పూర్తయ్యేలోపు ఒక చాయ్ అయిపోయేది.

ఆ తెరను నాలుగు ఫ్రేములు చేసి, ఒక్కోదాంట్లో ఒక్కో నక్షా పెట్టొచ్చు. ఏ ఫ్రేమును ఎంచుకుంటే తర్వాతి గీతలు అందులో పడతాయి. ముప్పై ఏళ్ళుగా చేత్తో నక్షాలు గీస్తున్న మా పెద్దసాబ్ వాటిని కమ్రాలు, అంటే గదులు, అనేవారు. ఏ కమ్రాలో ఉన్నావో చూసుకో బేటీ అని రోజూ హెచ్చరించేవారు. నేను సిద్ధం చేశాక, అద్దం మీద పల్చటి కాగితం అంటించి పెన్సిలుతో దించుకునేవారు. ఆ కాగితం మీద అధికారి సంతకం పడితే ఇక అంతే, ఖాయం.

ఆ రోజు మధ్యాహ్నం, అప్పటికే రాళ్ళు పాతిన గని కొత్త హద్దు నక్షా మీద సంతకం కావాలి. హద్దు లోపల పడ్డ బావులు గనిలో కలుస్తాయి. సంగతి తెలిసి, గొర్లు కాసుకునే ఒక ముసలవ్వ పొద్దున్నే వచ్చి నా వెనక కూర్చుంది. ఆమె మంద తాగేది ఒక్క బావి నీళ్ళే. మొదటి ఫ్రేములో ఆ బావిని దగ్గరగా, పెద్దగా చూపించాను. రెండోదాంట్లో గని మొత్తం. మళ్ళీ మొదటిదానికొచ్చి హద్దు గీశాను. బావి చక్కగా హద్దు మధ్యలో పడింది.

పెద్దసాబ్ కాగితం అంటించారు. అవ్వ ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఆమె మాత్రం ముందుకు వంగి తెరను తేరిపార చూసింది.

"మా ముసలోడు బాయికాడ బీడీ ముట్టిస్తె హద్దురాయికాడ ఆర్పుతడు బిడ్డా. నీ డబ్బల చూస్తె అగ్గిపుల్ల గీయకముందే రాయికి తల్గి పడ్తడు."

తెర వైపు మళ్ళీ చూశాను. నేను కమ్రా మారాను కానీ కొలత, అంటే స్కేలు, మార్చలేదు. యంత్రానికి రెండో ఫ్రేము కొలతే గుర్తుంది. అందుకే గనంతా ముడుచుకొచ్చి బావి చుట్టూ కూర్చుంది.

"కాగితం తీయండి సాబ్, తప్పు నాదే" అన్నాను.

ఆయన పెన్సిలు చెవి వెనక దోపుకుని, కమ్రా మారినప్పుడల్లా చెప్పుల్లా కొలత కూడా మార్చాలన్నమాట అన్నారు.

నాలుగు ఫ్రేములూ చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టాను. గీత తన తీరికలో పాకుతూ వచ్చింది. అంతసేపూ ముగ్గురం ఊపిరి బిగబట్టి ఉందామనుకున్నాం కానీ, ఆ వేగానికి ముగ్గురం పోయేవాళ్ళం. చివరికి హద్దు తెర అంచుకు ఆనుకుని పోయింది. బావి బయట ఉంది. సుమారు ఒక బీడీ దూరంలో.

పెద్దసాబ్ దించుకున్నారు. అధికారి వచ్చి, బావిని చూడకుండానే సంతకం పెట్టి పోయాడు. అవ్వ కదల్లేదు. చీకటి అద్దంలో బావి గుర్తుగా పచ్చగా మెరుస్తున్న ఆ చిన్న సున్నాను చూస్తూ, కరెంటు పోతే ఏమవుతుందని అడిగింది. బావి ఉంటది, బొమ్మ పోతదన్నాను.

తాండూరు కరెంటు మాట నిలబెట్టుకుంది. కాసేపటికి తెర నల్లబడిపోయింది.

"మంచిగైంది. ఇగ ఎవ్వలకు కనవడది" అని, అవ్వ కట్టె అందుకుని గొర్ల దగ్గరికి పోయింది.