ఆ ఖాళీ లైను నాది

మా ఫోర్‌మన్ గారు పోయారని మంగళవారం పొద్దున్న ఆఫీసు వాట్సాప్ గ్రూపులో చూశాను. అప్పటికే చాలామంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టేశారు. నేనూ ఒకటి పెట్టాను. తర్వాత టీ పెట్టుకున్నాను, బాక్సు సర్దుకున్నాను, సీతమ్మధారలో బస్సెక్కి హార్బర్ వైపు ఆఫీసుకి పోయాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్న ఈ గంట వరకూ రాలేదు.

మాది రొయ్యల కంపెనీ. వలిచిన రొయ్యల్ని గడ్డకట్టించి, పెట్టెల్లో సర్ది ఓడలెక్కిస్తారు. ఆ చలి అంతా అమోనియా మీద నడుస్తుంది. అమోనియా యంత్రాల గదికి ఆయన ఫోర్‌మన్. జాలరిపేటలో, అన్నదమ్ములంతా వేటకి వెళ్ళే ఇంట్లో పుట్టారు. ఈయనకి మాత్రం పడవెక్కితే వాంతులు. "మా అమ్మ సూసి సూసి, నీకు సేపలెందుకురా, ఐసు సూసుకో అనీసింది. ఐసు ఫ్యాక్టరీలో పడిపోయేను" అని ఆయనే చెప్పి నవ్వేవారు.

నేను చేరిన ఏడాదే యంత్రాల పనంతా ఒక వికీలో రాసి పెట్టాలని కంపెనీవాళ్ళు అనుకున్నారు. మీలో వికీ ఎప్పుడూ రాయనివాళ్ళకి ఒక్క ముక్క చెప్పాలి. అందులో పేజీని అనుమతి ఉన్నవాళ్ళు ఎవరైనా తెరిచి దిద్దొచ్చు. అక్షరాల మధ్య చిన్న చిన్న గుర్తులు పెడితే అవే శీర్షికలవుతాయి, అవే లింకులవుతాయి. వాక్యం మొదట్లో # పెడితే చాలు, ఒకటి, రెండు, మూడు అని అంకెలు అదే వేసుకుంటుంది. ఈ గుర్తులన్నీ ఆయనకి నేర్పడం నా ఉద్యోగం. ఆయనకప్పుడు యాభై దాటాయి, రెండు వేళ్ళతో టైపు చేసేవారు. వారం తిరిగేసరికి ఎవరు ఎవరికి నేర్పుతున్నారో నాకే తెలియలేదు.

లింకు కోసం రెండు చదరపు బ్రాకెట్లు తెరిచి రెండూ మూయాలని నేను నాలుగుసార్లు చెప్పబోతే ఆయన ఆపేశారు. "వాల్వు తెరిసినోడే మూయాల. అంతే కదేటి, తల్లీ? దీనికింత సదువెందుకు?" ఆ తర్వాత ఆయన పేజీల్లో మూయని బ్రాకెట్ ఒక్కటి కూడా నాకు దొరకలేదు. నేను టైపు చేసిన పేజీల్లో ఆయనకి దొరికేవి. దొరికిన రోజు నేను తల్లిని కాదు, మేడమ్‌ని. "మేడమ్ గారూ, గ్యాస్ లీకవుతంది, సూసుకోండి" అనేవారు.

బోల్డ్ అక్షరాల దగ్గర మాత్రం పిసినారి. నాకు కొత్తలో కనిపించిన ప్రతి మాటా బోల్డ్ చేయాలనిపించేది. ఆయన పక్కన కూర్చుని ఒక్కొక్కటే తీయించేవారు. "పేనం పోయే కాడే బోల్డ్. రోజూ అగ్గి అగ్గి అని అరిసీసేవనుకో, నిజంగా అంటుకున్నప్పుడు ఎవడొత్తాడు?" మొత్తం మీద ఆయన పేజీల్లో బోల్డ్ పడ్డ వాక్యాలు పదకొండు. పదకొండూ నాకు ఇప్పటికీ నోటికొచ్చు.

పేజీ పూర్తయ్యాక కాగితం మీద ప్రింటు తీయించి గోడకి అంటించేవారు. దాన్నే చూస్తూ వెనక్కి అడుగులేసుకుంటూ పోయేవారు, అక్షరాలు కనబడనంత దూరం వచ్చేదాకా. ఒకసారి వెనకున్న బకెట్లో కాలు పెట్టారు కూడా. ఎందుకండీ ఈ సర్కస్ అంటే, "గ్యాసు తగిలినోడికి కళ్ళు మండుతుంటాయి. ఆడు సదవగలగాల. నువ్వూ నానూ ఏసీలో కూకుని సదవడం కాదు" అన్నారు.

కొత్తగా చేరిన ఆపరేటర్లకి పని నేర్పేది ఆయనే. పేజీ చేతికిచ్చి గట్టిగా చదివించేవారు. చదివేవాడు ఎక్కడైనా తడబడితే వాడిని ఏమీ అనేవారు కాదు, నా వైపు తిరిగేవారు. "ఆడు తడబడ్డాడంటే మనం రాసిందే బాగోలేదు. మార్చు." ఆ పనంటే ఆయనకి ఎంతిష్టమో కంపెనీలో అందరికీ తెలుసు. కొత్తవాళ్ళొచ్చే రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చేవారు.

ఇక అసలు సంగతి. ఇన్నేళ్ళూ నోరు మెదపనిది.

యంత్రం అడుగున చేరిన నూనె తీసే పనికి ఒక పేజీ ఉంది. తొమ్మిది మెట్లు. నాకింకా సొంత లాగిన్‌తో ఆ పేజీలు దిద్దే అనుమతి రాలేదు కాబట్టి, ఆయన సీట్లో కూర్చుని ఆయన లాగిన్‌లోనే టైపు చేసేదాన్ని. ఆ మధ్యాహ్నం ఆయనకి ఫోనొచ్చింది. "ప్రివ్యూ నానొచ్చి సూత్తాను. సేవ్ నొక్కకు" అని బయటికి వెళ్ళారు. తొమ్మిది మెట్లూ ఇరుగ్గా ఉన్నాయనిపించింది నాకు. నాలుగో మెట్టు తర్వాత ఒక ఖాళీ లైను పెట్టాను. కంటికి హాయిగా ఉంటుందని, అంతే. మార్పు దేనికో రాసే గడిలో "వరస సరిచేశాను" అని రాసి, సేవ్ నొక్కి, ఆయన తిరిగి రాకముందే కాగితం తీసి యంత్రాల గదికి పంపేశాను.

వికీలో మధ్యన ఖాళీ లైను వస్తే అంకెలు మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతాయి. కాబట్టి గోడ మీది కాగితంలో రెండు ఒకట్లు, రెండు రెండ్లు ఉన్నాయి. పైనున్న రెండో నంబరు, గ్యాసొచ్చే వాల్వు మూయమని. కిందున్న రెండో నంబరు, నూనె వాల్వు తెరవమని.

మర్నాడు ఆ పని చేస్తున్నది పద్మనాభం ఊరి నుంచి రోజూ వచ్చే ఆపరేటరు. ఫోర్‌మన్ గారు బయట ప్యానెల్ దగ్గర నిలబడి, యంత్రాల హోరులో వాకీటాకీలో ఒక్కో అంకె మాత్రమే చెప్తున్నారు. "ఒకటయిందా? రెండు సెయ్." ఆపరేటరు కన్ను కింది రెండు మీద పడింది. గ్యాసు మూయకుండానే నూనె వాల్వు తెరిచాడు. అమోనియా ముఖం మీదికి కొట్టింది. ఫోర్‌మన్ గారు తడిగుడ్డ ముక్కుకి అడ్డం పెట్టుకుని లోపలికి దూకి, అతన్ని బయటికి ఈడ్చుకొచ్చి కుళాయి కింద కళ్ళు కడిగారు. ఆస్పత్రిలో ఎనిమిది రోజులు కళ్ళకి గుడ్డ కట్టి ఉంచారు. చూపు దక్కింది.

మేనేజరు గదిలో విచారణ జరిగింది. వికీలో ప్రతి పేజీకీ చరిత్ర అని ఒకటి ఉంటుంది, ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో అందులో పడిపోతుంది. ఆ ఖాళీ లైను పక్కన ఆయన పేరుంది. "ఇది మీరేనా?" అనడిగాడు మేనేజరు.

"నా లాగిన్నే బాబూ. నానే సేసేను."

నేను అక్కడే నిలబడి ఉన్నాను. నా ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. ఒక్క మాట అనొచ్చు. అనలేదు. బయటికొచ్చాక ఏదో చెప్పబోయాను. ఆయన కళ్ళజోడు చొక్కా అంచుతో తుడుచుకుంటూ, "ఎల్లి ఆ లైను తీసీ, ముందు" అన్నారు. ఆ సంగతి ఆయన మళ్ళీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

కొత్తవాళ్ళకి నేర్పే పని ఆయన దగ్గర్నుంచి తీసేశారు. ఐసు గదికి మార్చారు. గుడ్డ విప్పాక ఆ ఆపరేటరే ఆయనకి "రెండో నంబరు" అని పేరు పెట్టాడు. కోపంతో కాదు, చనువుతో. క్యాంటీన్లో, గేటు దగ్గర, బస్సులో, అంతా అదే పేరు. ఆయన నవ్వేసేవారు. రిటైరయ్యేదాకా ఆ పేరే ఉండిపోయింది. ఇస్త్రీ చొక్కా మళ్ళీ చూసిన గుర్తు నాకు లేదు. తర్వాత నా ఉద్యోగం పర్మనెంట్ అయింది. ఆయనే స్వీటు పొట్లం తెచ్చి నా బల్ల మీద పెట్టారు. తిన్నాను.

ఆయన పోయారని తెలిసిన ఆ మంగళవారం ఆఫీసులో ఆ పేజీ చరిత్ర తెరిచాను. అలాగే ఉంది. ఆయన పేరు, పక్కన నేను రాసిన "వరస సరిచేశాను". పేజీనైతే ఎవరైనా దిద్దొచ్చు, చరిత్రని దిద్దడం ఎవరి వల్లా కాదు. మూసేసి మిగతా పనులు చూసుకున్నాను. నా మీద నాకు అసహ్యం వేయాలి కదా, అదీ సరిగ్గా రాలేదు.

పదకొండో రోజు భోజనాలకి వెళ్ళాను. వాళ్ళింటి ముందు సందులో షామియానా వేసి బల్లలు పెట్టారు. నా పక్క ఆకు ముందు ఆ ఆపరేటరే కూర్చున్నాడు. అవతలి పక్క కూర్చున్న తన చుట్టంతో చెప్తున్నాడు. "మంచోడు బావా. ఆ రెండో నంబరు తప్పొక్కటే గానీ, సర్వీసు మొత్తంలో సెయ్యి జారింది లేదు."

"అది ఆయన తప్పు కాదు" అన్నాను.

"పోనీలెండి మేడమ్, పోయినోడి మీద ఇంకేటి."

"ఆయన తప్పు కాదు. ఆయన సీట్లో కూర్చుని నేను పెట్టాను ఆ ఖాళీ లైను. ఆయన చూస్తానన్నారు. చూడకముందే సేవ్ నొక్కేశాను."

నా గొంతు మామూలుగానే ఉంది, పప్పు వెయ్యమని అడిగినట్టు. అతను అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు. తర్వాత నా వైపు తిరగకుండానే అన్నాడు. "కళ్ళు నావి మేడమ్. నాకైనా సెప్పలేకపోయేరా?"

ముడుచుకున్న ఆకు అంచు సరిచేశాను.

"రిటైరైన రోజు దండేసింది నానే. దండేసి, రెండో నంబరు గారూ అన్నాను, మైకులో. అందరూ నవ్వీసేరు. ఆయనా నవ్వీసేడు."

అని లేచాడు. చెయ్యి కడుక్కోవడానికనుకున్నాను. కాదు. గుమ్మం పక్కన కుర్చీలో పెట్టిన ఫొటో దగ్గరికి వెళ్ళాడు. దణ్ణం పెట్టబోయి, చెయ్యి ఎంగిలని గుర్తొచ్చి ఆగిపోయాడు. వడ్డించే ఆవిడ నా ఆకు దగ్గరికొచ్చి మజ్జిగ వెయ్యమంటారా అంది. వెయ్యమన్నాను. పక్కాకులో అతను కలిపిన అన్నం అలాగే ఉంది. అతను మాత్రం అక్కడే నిలబడి ఉన్నాడు, మెతుకులంటిన కుడి చెయ్యి ఒంటికి దూరంగా పెట్టుకుని, ఎడం చేత్తో కళ్ళు మూసుకుని.