తోమొద్దనలేదు, ఆగమన్నారు

మా సైన్సు టీచరమ్మ పోయారు. గాజువాక బస్టాపులో ఆ కబురు చెప్పిన మా పక్కింటావిడ నవ్వుతూ చెప్పింది. "ఓలమ్మ, పళ్లు తోమొద్దన్న టీచరమ్మ నేదా, ఆవిడ పోనాదంట!" నాకు ఒళ్లు మండిపోయింది. మనిషి పోయినా ఆ మాట మాత్రం పోలేదు. ఆ మాట ఎలా పుట్టిందో నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు కనుక రాస్తున్నాను.

డెబ్బైలలో మా బడి గేటు ముందు ఒక కొట్టు ఉండేది. సీసా నిండా పుల్లబిళ్లలు, వాటి మీద ఇంకా పుల్లటి పొడి. ఒకటి కరగకముందే ఇంకొకటి బుగ్గన పెట్టుకునేదాన్ని. మా పళ్లు పాడవడం రోజూ చూస్తూనే అమ్మాడు ఆ కొట్టువాడు. హెడ్మాస్టరుగారి బావమరిది కాబట్టి అడిగేవాడు లేడు. ఇంటికి రాగానే మా అమ్మ ఉప్పూ బొగ్గుపొడీ కలిపి నా పళ్లు పరపరా రుద్దేది. పుల్లబిళ్ల తిన్న నోరు వెంటనే తోమెయ్యడమే మా వాడలో అందరి పద్ధతీ. ఏడో తరగతికల్లా నా ముందుపళ్ల అంచులు పల్చబడి, చల్లనీళ్లు తాగితే జివ్వుమనేది.

టీచరమ్మ గొంతు ఎప్పుడూ పెద్దది కాదు. తప్పు జవాబు చెప్పినా, "సగం బాగానే చెప్పేవు. మిగతా సగం ఏదమ్మా?" అనేవారు. ఒకరోజు కుళాయి దగ్గర నేను దవడ పట్టుకోవడం చూశారు. మర్నాడు యారాడ సముద్రపొడ్డు నుంచి రెండు గవ్వలు తెచ్చి నిమ్మరసంలో వేశారు. బుడగలు లేచాయి. తీసేసరికి మెరుపు పోయింది. ఒకదాన్ని కడిగి పక్కన పెట్టారు. రెండోదాన్ని బొగ్గుపొడితో రుద్దితే తెల్లగా రాలింది.

"పన్ను ఇంతకన్నా గట్టిదే. అయినా పులుపు తగిల్తే పైపొర మెత్తబడతాది. నీళ్లు పుక్కిలించండి. నోట్లో ఊరే ఉమ్మి దాన్ని నెమ్మదిగా మళ్లీ గట్టిపరుస్తాది. గంట ఆగి, మెత్తగా తోముకోండి. అరిగిపోయిన పొర మాత్రం మళ్లీ రాదు."

ఆ సాయంత్రం బొగ్గుపొడితో వచ్చిన అమ్మను తప్పించుకోవడానికి నేను అరిచాను: "టీచరమ్మ పళ్లు తోమొద్దన్నారు!" గంట ఆగమన్న మాట మింగేశాను.

తెల్లారి అమ్మ, మరో నలుగురు తల్లులు బడి మీదికి వచ్చారు. "పళ్లు తోమొద్దని సెప్తన్నావేటమ్మా? పిల్లలికి నేర్పేది ఇదేటి?" కొట్టువాడు పక్కన నిలబడి ఎగదోశాడు. హెడ్మాస్టరు ఆవిణ్ణి వరండాలో అందరి ముందూ నిలదీసి, ఇకనుంచి సైన్సు వద్దు, కుట్టు క్లాసు చూసుకోమన్నాడు. ఆవిడ ఒక్కసారి నావైపు చూశారు. నేను బుగ్గన బిళ్లతో నిలబడ్డాను. నా పేరు ఆవిడ చెప్పలేదు.

పైగా నెల తిరక్కుండా అమ్మను ఒప్పించి నన్ను పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది ఆవిడే. ఆయన పళ్లు గట్టిపడే మందు పూశాడు, అరిగిన అంచుని పంటి రంగు సిమెంటుతో కట్టాడు. "సల్లనీళ్లు తాగి సూడు," అన్నారు టీచరమ్మ. ఎందుకు తిట్టలేదు నన్ను? తిట్టి ఉంటే నిజం చెప్పేసేదాన్నని ఇన్నేళ్లూ అనుకున్నాను. అదీ అబద్ధమే, చెప్పేదాన్ని కాదు.

రిటైరయ్యేదాకా ఆవిడ కాజాలూ గుండీలే నేర్పారు. గవ్వల్లో అంత పాఠం చూపించిన మనిషి! హెడ్మాస్టరు మీద, కొట్టువాడి మీద నా కోపం చల్లారలేదు. నా మీద అసలే చల్లారలేదు.

నిన్న టీచరమ్మ వాళ్లింట్లో పాస్టరుగారి ప్రార్థన అయ్యాక శవపెట్టె మూసేముందు ఆడవాళ్లం వరసగా నిలబడ్డాం. వెనక ఎవరో గొణిగారు. "పళ్లు తోమొద్దన్నది ఈవిడేనేటి?"

"కాదు," అన్నాను. అందరూ తిరిగేంత గట్టిగానే అన్నాను. "గంట ఆగి తోమమన్నారు. తోమొద్దన్నది నాను."

నా ముందు నిలబడ్డ మా అమ్మ వెనక్కి తిరిగింది. చేతిలో చామంతులు పెట్టెలో వెయ్యలేదు, కిందా పెట్టలేదు. వెనక వాళ్లు జరగమంటున్నా, అలా పట్టుకునే నిలబడింది.