వేరే కంపెనీ చార్జరు దగ్గర ఇరవై నిమిషాలు

ఆదివారం చర్చి ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే సమయానికి నేను లేచి నిలబడ్డాను. "దేవునికి స్తోత్రం. మా బండికి వేరే కంపెనీ వాళ్ళ చార్జరు దగ్గర కరెంటు దొరికింది" అని మాత్రం అనగలిగాను. వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత అందరూ నవ్వారు. నేనూ నవ్వేసి కూర్చున్నాను.

ఇంటికొచ్చాక మా ఆయన అన్నారు, "జ్వరం తగ్గిందనీ, ఉద్యోగం వచ్చిందనీ చెప్తారు గానీ, చార్జింగ్ దొరికిందని సాక్ష్యం చెప్పినదానివి నువ్వొక్కదానివే."

అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాసుకుంటున్నాను.

మేముండేది బెంగళూరు బొమ్మనహళ్ళిలో, ఒక సందు చివరి ఇంట్లో, కింది వాటాలో. మా ఆయన ఆఫీసులకు ఉద్యోగుల్ని దించి వచ్చే ఎలక్ట్రిక్ కారు నడుపుతారు. నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. చిన్నప్పుడు కాలి జబ్బు వల్ల నేను బడికి పోలేదు. అమ్మే ఒళ్ళో కూర్చోబెట్టుకుని గుడి పాటల పుస్తకంలో అక్షరాలు నేర్పింది. అంకెలు కూడా అందులోనే నేర్చుకున్నాను, పాటల నంబర్లు చూసి. అందుకే ఇప్పటికీ ఏ అంకె కనబడినా, ముందు ఆ నంబరు పాట నోట్లోకి వచ్చేస్తుంది. బస్సు నంబరు చూసినా అంతే.

ఆ శనివారం ఒక నర్సమ్మాయి పెళ్ళి. వైట్‌ఫీల్డ్‌లో లేడీస్ హాస్టల్లో ఉండేది. మా గుడికే వస్తుంది. తల్లి లేదు, తండ్రి ఎక్కడున్నాడో తెలియదు. తల్లి పెళ్ళినాటి తెల్లచీర ఒక్కటే దాచుకుంది. అది మడతల దగ్గర పచ్చబడి, అంచు చీకిపోయి ఉంది. నెల రోజులు దాన్ని మెల్లగా ఉతికి, అంచు మార్చి, మిగిలిన ముక్కతో తలమీద ముసుగు కుట్టాను. పెళ్ళి పది గంటలకు, మా గుడిలో. ఆ అమ్మాయి ఒక్క కోరిక కోరింది.

"క్యాబ్ వద్దక్కా. మీ బండిలోనే వస్తాను. ఇంట్లోంచి బయల్దేరినట్టు ఉంటుంది."

సరేనన్నాము. శుక్రవారం సాయంత్రం మా ఆయన బండికి ముందు తెల్ల రిబ్బను కట్టారు. వరండాలో ప్లగ్గు పెట్టి చార్జింగుకు వేశారు. దాని స్విచ్చి లోపలి బోర్డు మీదే ఉంది. ఎనిమిదింటికి ప్రార్థనకు కూర్చున్నాము.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. మా మామగారు ఉన్నప్పటి నుంచీ వస్తోంది. ప్రార్థన ముందు, ఒక్క బల్బు తప్ప బోర్డు మీద స్విచ్చులన్నీ ఆపేస్తాము. టీవీ, మిక్సీ, ఫోను చార్జర్లు, ఏవీ చప్పుడు చేయకూడదు. ఆపేది నేనే, మళ్ళీ వేసేదీ నేనే. ఆ రాత్రి ప్రార్థన ముగుస్తుండగానే పెళ్ళికూతురు ఫోను చేసింది, ముసుగుకు పిన్నులు ఎన్ని కావాలని. మాట్లాడుతూ మాట్లాడుతూ స్విచ్చులు వేశాను. ఒకటి తప్ప.

పొద్దున ఏడింటికి చీర పెట్టె వెనక సీట్లో పెట్టి కూర్చున్నాము. బండి తెర మీద చార్జింగు తొమ్మిది శాతం.

మా ఆయన దిగి వెళ్ళి బోర్డు చూసి వచ్చారు. నేను అప్పటికే కళ్ళు మూసుకున్నాను.

"ప్రార్థన కోసం కరెంటు తీసేస్తివి. ఇప్పుడు కరెంటు కోసం ప్రార్థన చేస్తా ఉండావా?"

"నన్ను తిట్టండి, పర్వాలేదు. బండి మాత్రం తియ్యండి."

"తీస్తా. వైట్‌ఫీల్డ్ దాకా పోతుందేమో. ఆ పిల్లను ఎక్కించుకుని వెనక్కి రావద్దా?"

పెట్రోలు బంకు దగ్గరున్న చార్జరుకు పోయాము. అక్కడ రెండు ఉంటే ఒకటి చెడిపోయింది. రెండోదాని ముందు నాలుగు క్యాబులు నిలబడి ఉన్నాయి. మొదటి డ్రైవరు సీటు వెనక్కి వాల్చుకుని హాయిగా నిద్రపోతున్నాడు. మా ఆయన స్టీరింగు మీద తల ఆనించారు.

"బెళ్ళందూరు దగ్గరుంది కదండీ ఒకటి. పెద్ద స్టేషను" అన్నాను.

"అది వాళ్ళ కంపెనీ కార్లకే. పోయినేడు మనల్ని పంపించేసినారు, మర్చిపోయినావా?"

మర్చిపోలేదు. చార్జరు కేబులు కొసనున్న గన్ను మా బండికి సరిగ్గా పట్టింది. అయినా మిషను ఒప్పుకోలేదు. ఎర్ర లైటు వేసుకుని నిలబడింది. నోటిదాకా వచ్చిన ముద్దను ఎవరో వెనక్కి లాక్కున్నట్టు అనిపించింది ఆ రోజు.

"ఈ మధ్య అందరికీ తెరిచినారని ఫోనులో ఏదో మెసేజ్ వచ్చింది. ఇట్లాంటివి రోజుకు పది వస్తాయి" అన్నారు ఆయన.

"అడగడానికి కరెంటు అక్కర్లేదు కదా. పోదాం పదండి."

ఏసీ ఆపేసి, కిటికీలు దించుకుని, రింగ్ రోడ్డు మీద ఎడమ పక్కనే మెల్లగా పోయాము. స్టేషను చేరేసరికి తెర మీద ఆరు శాతం. అదే వాచ్‌మన్, అదే ప్లాస్టిక్ కుర్చీ. మమ్మల్ని చూడగానే లేచాడు. మళ్ళీ పొమ్మంటాడనుకుని నేనే ముందు దిగి చేతులు జోడించాను.

"ఏమక్కా, దండం నాకెందుకు? అందరికీ ఓపెన్ అయిండాది ఇప్పుడు. రెండోది ఖాళీగా ఉండాది, పెట్టుకో అప్పా" అన్నాడు మా ఆయనతో.

"పోయినేడు నువ్వే కదన్నా తరిమినావు?"

"అప్పుడు తరమమన్నారు, తరిమినా. ఇప్పుడు పిలవమన్నారు, పిలుస్తా ఉండా. అంతే కదప్పా!"

మా ఆయన ఫోను పట్టుకుని మిషను మీది గళ్ళబొమ్మను స్కాన్ చేశారు. కాలేదు. మళ్ళీ చేశారు. కాలేదు. ఇంతలో మా వెనక ఒక పెద్ద కారు వచ్చి ఆగింది, ఆ కంపెనీదే. కళ్ళజోడు పెట్టుకున్న ఒక తెలుగాయన అందులోంచి దిగి వాచీ చూసుకున్నాడు.

"ఓపెన్ చేసిన దగ్గర్నించీ ఇదే గొడవ. మా స్టేషన్‌లో మాకే వెయిటింగ్."

మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నేను వెనక సీట్లోంచి పెట్టె తీసి పట్టుకుని నిలబడ్డాను. ఏం చెప్పాలో తెలియక ఉన్నదే చెప్పాను. "పెళ్ళికూతురి చీర సార్. పది గంటలకు పెళ్ళి."

ఆయన రిబ్బను చూశాడు. నిట్టూర్చి దగ్గరికి వచ్చాడు.

"ముందు గన్ పెట్టండి బాస్. తర్వాత స్కాన్. రివర్స్‌లో చేస్తే టైమ్ అవుట్ అయిపోతుంది."

గన్ను పెట్టారు. టక్ మని పట్టుకుంది. స్కాన్ చేశారు. ఎర్ర లైటు పోయి పచ్చ లైటు వచ్చింది. మిషను లోపల ఏదో గట్టిగా ఊపిరి తీసుకున్నట్టు ఫ్యాను తిరిగింది. నేను ఆ లావు కేబులు మీద చెయ్యి వేశాను. సన్నగా వణుకుతోంది, పాలిచ్చే ఆవు మెడలాగా వెచ్చగా ఉంది.

తెర మీద ఏడు. ఎనిమిది. తొమ్మిది. నా నోట్లో పాటలు మారుతున్నాయి. ఒక పాట పల్లవి అందుకునేలోపే ఇంకో అంకె వచ్చేస్తోంది. ఇంట్లో రాత్రంతా బొట్టు బొట్టుగా ఎక్కేది ఇక్కడ చూస్తుండగానే పొంగుతోంది. ఆ కంపెనీ వాళ్ళు మమ్మల్ని ఎరగరు. వాళ్ళ బండి మేము కొనలేదు. ఎక్కడో ఏ ఆఫీసులోనో ఎవరో కూర్చుని, ఎవరి బండికైనా సరే ఇవ్వండి అని ఒప్పుకున్నారు. ఆ మాట తీగల్లోంచి నడిచి వచ్చి, తల్లి లేని ఒక పిల్ల పెళ్ళి బండిలోకి చేరుతోంది. నేను తీసేసిన ఒక్క స్విచ్చిని ఎన్ని చేతులు కలిసి మళ్ళీ వేశాయో అనుకున్నాను. నా చెయ్యి ఆ కేబులు మీంచి తీయబుద్ధి కాలేదు.

"అక్కా, షాక్ కొట్టదు గానీ, చెయ్యి తియ్యి" అన్నాడు వాచ్‌మన్.

ముప్పై ఏడు సమాధి దగ్గర పాడే పాట. అది మాత్రం పాడకుండా, గబగబా ముప్పై ఎనిమిది కోసం చూశాను.

"ఇది చాలు. ఆయన కూడా నిలబడి ఉండాడు" అని మా ఆయన ఆపేశారు. కళ్ళజోడు ఆయన గన్ను అందుకుంటూ, "చీరకి గ్రీజ్ తగలనీయకండి మేడమ్" అన్నాడు. అప్పటికి ఇరవై నిమిషాలు.

హాస్టలుకు తొమ్మిదింటికి చేరాము. అమ్మాయి తడి జుట్టుతో గేటు దగ్గరే నిలబడి ఉంది. ఆలస్యం ఎందుకని అడగలేదు. పెట్టె తెరిచి అంచు మీద వేళ్ళు నడిపింది, అంతే. నేను గబగబా చీర కట్టి, ముసుగు పిన్నులతో నిలబెట్టాను. ఇంకా అద్దం చూసుకుంటుంటే చెయ్యి పట్టుకుని కిందికి తీసుకొచ్చాను.

ఆమె వెనక సీట్లో కూర్చుంది. మా ఆయన బండి తీశారు. మా బండికి చప్పుడు ఉండదు. గేటు దాటాక గానీ ఆమెకు కదిలినట్టు తెలియలేదు.

"అప్పుడే బయల్దేరామా అన్నా?"

"బయల్దేరాంలేమ్మా. ఇంట్లోంచే" అన్నారు మా ఆయన.

నేను ముందు సీట్లోంచి వెనక్కి తిరగలేదు. తెర మీద అంకె చూసి, ఆ నంబరు పాట మెల్లగా అందుకున్నాను. రెండో చరణానికి వెనక నుంచి ఆమె గొంతు కూడా కలిసింది.