మేవిస్ ఈల

మేవిస్ ట్రెగెనాకు ఒకటే పిచ్చి. గుర్రం కనబడితే చాలు, అది మూత్రం పోసేదాకా ఈల వేసేది.

సన్నగా, సాగదీసిన ఈల. ఆస్ట్రేలియాలో మా క్వీన్స్‌లాండ్ కొండల్లో నూట అరవై కిలోమీటర్ల గుర్రపు పందేలు జరిగే ఆ రోజుల్లో, మెత్తటి గడ్డి కనిపించిన చోటల్లా ఆవిడ దిగి, నడుం మీద చెయ్యి పెట్టుకుని మొదలెట్టేది. "గట్టినేల మీద పోస్తే కాళ్ళ మీద చిందుతుందని వాటికి రోత. మనకంటే శుభ్రం ఎక్కువ" అనేది.

ఒకసారి పందేనికి ముందు పందేల సంఘం అధ్యక్షుడు నియమాలు చదువుతున్నాడు. వెనకాల మేవిస్ తన గుర్రం టింకర్‌కు ఈల వేస్తోంది. ముందు కోశాధికారి లేచి వెళ్ళాడు. తర్వాత ఇద్దరు జడ్జీలు. ఆఖరికి అధ్యక్షుడు కాళ్ళు దగ్గరికి ముడుచుకుని, "మేవిస్, నీకు దణ్ణం పెడతాను, నన్ను మూడో పేజీ దాటనీ!" అని అరిచాడు.

ఆవిడ మొగుడు సెసిల్ పరిస్థితి మరీ అన్యాయం. "నలభై ఏళ్ళ కాపురం. ఇప్పుడు టీ కెటిల్ కూసినా లేచి పెరట్లోకి పోతున్నాను" అనేవాడు.

నాకు ఇరవై రెండేళ్ళప్పుడు, ఒక పందెంలో తొంభై కిలోమీటర్ల దాకా మేవిస్ మొదట, నా ఆడగుర్రం జూనో మీద నేను రెండో స్థానంలో ఉన్నాం. వాగు దగ్గర ఆవిడ ఆగింది.

"దిగు పిల్లా. మావాడు పొద్దుట్నుంచి పొయ్యలేదు. తోడు లేకపోతే సిగ్గుపడతాడు."

"ఇప్పుడా? వెనక వాళ్ళు వచ్చేస్తున్నారు!"

"రానీ. దిగు."

పెద్దావిడ మాట తీసెయ్యలేక పళ్ళు కొరుక్కుంటూ దిగాను. పావుగంట ఈల. టింకర్ హాయిగా గడ్డి మేస్తున్నాడు. "ఊరికే నిలబడ్డాను కదా" అంటూ మేవిస్ జూనో జీను వదులు చేసి, మెడ మీద వాగునీళ్ళు పోసింది. ఐదుగురు మమ్మల్ని దాటి వెళ్ళిపోయారు. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు జూనో కాళ్ళు చాపి పోసింది. చిక్కటి టీ డికాక్షన్ రంగు.

మేవిస్ ఈల ఆగిపోయింది. "ఇక దీన్ని ఎక్కకు. నడిపిద్దాం."

నాలుగు కిలోమీటర్లు ఆవిడ కూడా నాతో నడిచింది. దారిలో గుర్రాల్ని పరీక్షించే విడిదిలో గుర్రాల డాక్టరు జూనో తుంటి నొక్కి చూసి, "ఇంకో గంట పరిగెత్తించి ఉంటే కండరాలు బిగిసి కూలిపోయేది. దీనికి పందెం ఇక్కడితో సరి" అన్నాడు. అక్కడే ఉన్న సెసిల్‌ను అడిగాను, టింకర్‌కు కూడా ఏమైనా జబ్బా అని.

"వాడికా? పొద్దుట్నుంచి నాలుగుసార్లు పోశాడు. ఒకసారి నా బూటులోనే!"

నేను మేవిస్ వైపు తిరిగాను. "జూనోకి బాగాలేదని మీకు ముందే తెలుసా? నాకే చెప్పొచ్చు కదా!"

"చెబితే దిగేదానివా? నీ వయసులో నాకూ ఒకాయన చెప్పాడు. నేను దిగలేదు." ఒక్క క్షణం జూనో నుదురు నిమిరింది. తర్వాత టింకర్ జీను బిగించి ఎక్కింది. "ముందు ఎంతమంది ఉన్నారు సెసిల్?"

"పదకొండు మంది."

"మరీ ఎక్కువేం కాదు. ఏయ్ పిల్లా, దానికి నీళ్ళు పెట్టు. నువ్వూ మొహం కడుక్కో, డాక్టరు నీ నాడి కూడా చూసేట్టున్నాడు."

ఏడుస్తూనే ఫక్కున నవ్వేశాను.