పత్తి సారు

నిజాం రోజులవి. కాజీపేట వెయిటింగ్ రూములో, నా ఒళ్ళో తడిగుడ్డలో చుట్టిన ఎండు పత్తిమొక్కను చూసి పక్కనున్న పెద్దాయన నవ్వాడు. ఆయన హైదరాబాదులోని యూనివర్సిటీలో పాఠాలు చెబుతాడట. నేను వరంగల్ కాలేజీలో లెక్చరర్ననీ, నర్సంపేట చేలల్లో పత్తి ఎందుకు ఎండుతుందో ఒక్కణ్ణే వెతుకుతున్నాననీ చెప్పాను.

"ఒక్కనివే ఎన్నేండ్లు తిప్పలపడ్తవ్ తమ్మీ? మేం నలుగురం ఐతారం ఐతారం కూసొని గిసొంటియే చూస్తం. నువ్వు సుత రా."

"మాది చిన్న కాలేజీ సార్, నవ్వుతరేమో."

"మొదట్ల నన్ను చూసీ నవ్విండ్రు. చాయ్ మాత్రం పోసిండ్రు."

నెల తర్వాత ఓ ఆదివారం హైదరాబాదు వెళ్ళి, బెరుగ్గా వాళ్ళ గది తలుపు తట్టాను. ఆ రోజు ఆయన రాలేదు. లోపలున్న ముగ్గురూ లేచి నిలబడ్డారు.

"పత్తి సారు మీరేనా? ప్రతి ఐతారం మీకోసం ఓ కుర్చీ ఎక్కువ వేస్తున్నం."